అరవై సెంట్ల తేడా

ఆ రోజుల్లో నాకు లెక్కలు బాగా వచ్చని ఒక గట్టి నమ్మకం ఉండేది. నమ్మకం నా ఒక్కడిదే అయితే పోనీలే అనుకోవచ్చు, నాకు ఉద్యోగమిచ్చిన బ్యాంకు వాళ్లది కూడా. సింగపూర్‌లో వాళ్ల వడ్డీ లెక్కల సాఫ్ట్‌వేర్ రాసే బృందంలో నేనొకణ్ణి. మీసం ఇంకా పూర్తిగా కుదురుకోని వయసు, బూన్ లేలో నలుగురు కుర్రాళ్లం కలిసి అద్దెకున్న ఫ్లాటు, పొద్దున్నే రైల్లో నిలబడే తీసే కునుకు, సాయంత్రం వచ్చాక వండుకునే పప్పు, ఇదీ జీవితం. ఎవరి వంతు వంట ఎప్పుడో తేల్చే పని కూడా లెక్కలొచ్చినవాణ్ణని నాకే అప్పజెప్పారు (నా వంతు అందరికన్నా తక్కువసార్లు ఎందుకొస్తోందని ఎవరూ అడగలేదు కనక నేనూ చెప్పలేదు). అలాంటి నేను, రెండు చిన్న అంకెలు సరిగ్గా కూడలేక, కుదరబోతున్న పెళ్లిని చేజేతులా చెడగొట్టుకోబోయాను. ఆ అంకెలు ఏ బ్రహ్మాండమైనవో కూడా కావు, జగిత్యాల దగ్గర మా ఊళ్లో మా బాపు దున్నుకునే నేల తాలూకువి. ఎకరం, గుంట, సెంటు, అంకణం అనే మాటలు చెవిన పడితే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి.

పెళ్లి అన్నాను కనక అమ్మాయి సంగతి చెప్పాలి. ఆమె మా ఆఫీసులోనే టెస్టరు. అంటే నేను రాసినదాంట్లో తప్పులు పట్టడమే ఆమెకు ఉద్యోగం, నేను ఉన్నంతకాలం ఆ ఉద్యోగానికి ఢోకా లేదని అందరూ అనేవారు. సింగపూర్‌లోనే పుట్టి పెరిగింది. ఇంట్లో నెల్లూరు తెలుగు, బళ్లో మాతృభాష కింద తమిళం (ఆ బళ్లో తెలుగు లేదు, ఉన్న దాంట్లో దగ్గరి చుట్టం తమిళమే కదా అని చేర్చారట), వీధిలో సింగపూర్ ఇంగ్లీషు, ఈ మూడూ కలిపి మాట్లాడేది. ఆమె నాతో అన్న మొట్టమొదటి మాట, "మీ ప్రోగ్రాంకి జీరో ఇస్తే చచ్చిపోతోంది లా." (ఆ చివరి 'లా' సింగపూర్ వాళ్ల మాటకు తోక, దానికి వేరే అర్థం లేదు.) ప్రేమకథలు ఇంతకన్నా చక్కగా మొదలవుతాయని విన్నాను గానీ నాకు దొరికింది ఇదే. తప్పు చూపించడానికి ఆమె రావడం, అది తప్పు కాదని నేను వాదించడం, చివరికి తప్పేనని తేలాక ఓడినందుకు జరిమానాగా హాకర్ సెంటర్లో, అంటే చవక తిండి దుకాణాల సముదాయంలో, మధ్యాహ్నం భోజనం నేను పెట్టించడం, ఇలా ఏడాది గడిచింది. ఆమె ముందుగా వెళ్లి టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేసి, అంటే ఇది మాదని పట్టి ఉంచేది. ఆ టిష్యూ ప్యాకెట్ ఎదుటి కుర్చీ నాకోసమేనని తెలిసినప్పుడు కలిగిన సంతోషం మళ్లీ ఏ ప్రమోషన్‌కీ కలగలేదు. ఒకరోజు ఆమే తేల్చేసింది, ఇక మా అప్పతో, అంటే నాన్నతో, మాట్లాడమని.

వాళ్ల నాన్నను నేను అప్పట్లో అంకుల్ అనేవాణ్ణి, ఇక్కడా అలాగే అంటాను. నెల్లూరు వైపు పల్లెటూరాయన. కుర్రతనంలోనే ఓడలు కట్టే యార్డులో పనికి వచ్చి, ఇనుము మోసి, వెల్డింగ్ నేర్చి, మెల్లగా సూపర్‌వైజరు అయి, బుకిట్ పంజాంగ్‌లో సొంత ఫ్లాటు కొనుక్కున్న మనిషి. ఆయనకు రెండు పిచ్చులున్నాయి. ఒకటి, జేబులో ఎప్పుడూ కొలత టేపు ఉండాలి, గుళ్లోకి వెళ్లినా సరే. ఓడ పనిలో ఏ కొలతైనా రెండుసార్లు తీస్తారట, రెండుసార్లూ ఒకటే రావాలి, రాకపోతే కొలిచినవాణ్ణి నమ్మకూడదు. మనుషులకూ అదే నియమం వర్తిస్తుందని ఆయన సిద్ధాంతం. రెండోది అంకణాలు. ఆయన ఊరు వదిలి ముప్పై ఏళ్లు దాటింది, ఈ దేశమంతా చదరపు మీటర్లలో నడుస్తోంది, అయినా ఆయన కళ్లకు అన్నీ అంకణాల్లోనే కనపడతాయి. తన ఫ్లాటు పద్నాలుగు అంకణాలకు కాస్త తక్కువ. కింద కాఫీ షాపు ముప్పై. బస్ స్టాపు రెండు. మొదటిసారి వెళ్లిన రోజే నాకు పాఠం చెప్పాడు: "అంకణమంటే డెబ్బై రెండు చదరపడుగులు. తిరపతోళ్లు అందులో సగాన్నే అంకణమంటారు, వాళ్ల మాట పట్టించుకోబాక." నేను ఎన్నడూ తిరుపతి వాళ్ల మాట ఈ విషయంలో పట్టించుకోనని భరోసా ఇచ్చాను.

అదే రోజు అసలు ప్రశ్న వచ్చింది. ఆంటీ వంటింట్లో చేపల పులుసు మరిగిస్తోంది, ఆ వాసనకు నాకు సగం మతి అక్కడే ఉంది. ఊళ్లో పొలమేమైనా ఉండాదా అని అడిగాడాయన. సింగపూర్‌లో కాపురానికీ ఊళ్లో పొలానికీ సంబంధమేమిటని మీకు అనిపించవచ్చు. పొలముండే మనిషికి మాట నిలకడుంటుందని ఆయన నమ్మకం, ఆస్తి మీద ఆశ మాత్రం కాదు. నాకు పొలం ఉందని తెలుసు, ఎంతో తెలియదు. ఆరో తరగతి నుంచి హాస్టళ్లలో చదివినవాణ్ణి, బాపు ఫోన్ ఎత్తనప్పుడు ఆయన ఉండే చోటు పేరు పొలం, నాకు తెలిసింది అంతవరకే. ఒక్క నిమిషం అంకుల్ అని వరండాలోకి వెళ్లి బాపుకు ఫోన్ చేశాను. ఆయన అటు ట్రాక్టరు చప్పుడులో అరిచి చెప్పాడు, చెలక (వానకు పండే మెట్ట) రెండు ముప్పై, వాగు కాడ పొలం ఒకటి ఇరవై అని. ఎందుకురా అని అడిగేలోపు ఫోన్ పెట్టేశాను. తర్వాత నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ చెప్తాను. ఆ రెండు అంకెలు కూడడానికి ఫోన్లో కాలిక్యులేటర్ తెరిచాను. తప్పు రాకూడదు కదా అని రెండుసార్లు కూడాను. లోపలికి వచ్చి, "మూడు యాభై అంకుల్" అన్నాను. ఆయన కళ్లు మూసుకుని పెదవులు కదిపి, కళ్లు తెరిచి, మూడున్నర ఎకరాలంటే రెండువేల నూట పదిహేడు అంకణాలని ప్రకటించాడు. ఆ అంకె విని నేనే అదిరిపోయాను. మేమింత భాగ్యవంతులమని నాకెవరూ చెప్పలేదు. పెద్ద సంసారమేనని ఆయన తల ఊపాడు, ఆంటీ నా పళ్లెంలో చేప తలకాయ వేసింది. మీ నాన్నని ఒకసారి పిలిపించు, మాట్లాడుకుందామన్నాడు.

బాపు వచ్చాడు. విమానం దిగి రాగానే, ఇంత గడ్డి పెంచిండ్రు, ఒక్క బర్రె లేదేందిరా అన్నాడు. దారి పొడవునా రోడ్డు పక్క ఖాళీ జాగా చూసి, ఒక్కొక్క ముక్కలో ఏమేం పెట్టొచ్చో చెబుతూ వచ్చాడు (పసుపు, మక్క, మళ్లీ పసుపు). బుకిట్ పంజాంగ్ వెళ్లడానికి చిన్న రైలెక్కాం. ఆ రైలు ఇళ్లకు బాగా దగ్గరగా పోతుంది, అందుకని ఫ్లాట్ల పక్కకు రాగానే అద్దాలు వాటంతటవే తెల్లగా మసకబారి, లోపలి వాళ్లకు ఎవరి ఇల్లూ కనిపించకుండా చేస్తాయి. బాపు అప్పుడే ఆ భవనం ఎన్ని గుంటల్లో కట్టారో అంచనా కడుతున్నాడు. గభాలున అద్దం తెల్లబడేసరికి ఉలిక్కిపడి, చేత్తో తుడిచి, పోకపోయేసరికి తువ్వాలు తీసి తుడిచి, నా వైపు తిరిగి గొంతు తగ్గించి, మనం కొలుస్తున్నమని తెలిసిందా వీళ్లకు అని అడిగాడు. ఆ క్షణాన నాకు నవ్వొచ్చింది. ఆ రోజు నాకు వచ్చిన నవ్వు అదొక్కటే.

సంబంధం మాటలు బ్రహ్మాండంగా మొదలయ్యాయి. బాపు తెచ్చిన సకినాలు అంకుల్ కరకర నమిలాడు, ఇంటిని బాపు మెచ్చుకున్నాడు, ఎండల సంగతి, వానల సంగతి అయ్యాయి. అమ్మాయి కాఫీలు తెచ్చి పెట్టి నా వైపు చూడకుండా చూసింది. అంతా ఖాయమైపోయినట్టే. అప్పుడు అంకుల్ మర్యాద కోసం, మూడున్నర ఎకరాలూ మీరొక్కరే చూసుకుంటుండారా, కష్టం కాదా అన్నాడు. బాపు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. బాపును ఏమైనా అనొచ్చు గానీ ఆయన నేలను తగ్గించి మాట్లాడకూడదు. మూడున్నర ఎవలన్నరు, నాలుగు పది గదా అన్నాడు. అంకుల్ నా వైపు చూశాడు. నేను గోడకున్న క్యాలెండర్ వైపు చూశాను. బాపు వేళ్లు మడిచి చెప్పాడు:

"చెలక రెండు ముప్పై. వాగు కాడిది ఒకటి ఇరవై. కూడుండ్రి మీరే."

"మూడు యాభై," అన్నాడు అంకుల్.

"నాలుగు పది," అన్నాడు బాపు.

మళ్లీ కూడారు. మళ్లీ ఇద్దరికీ ఇదివరకటి జవాబులే వచ్చాయి. బాపు ఈసారి నెమ్మదిగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు, దాంతో అంకుల్ ముఖం ఎర్రబడింది. ఆయన కాగితం తీసుకుని రెండు ముప్పై రాసి, దాని కింద ఒకటి ఇరవై రాసి, గీత గీసి, కింద మూడు యాభై వేసి చూపించాడు. బాపు ఆ కాగితాన్ని జాలిగా చూసి, గట్ల కూడితే ఊళ్లె మమ్ముల నవ్వుతరు సారూ అన్నాడు. నేను మధ్యలో కూర్చుని, బాపుకు కూడికలు రావని మొదటిసారి తెలుసుకుని కుంగిపోతున్నాను. ఎంత చదువుకోకపోయినా ముప్పై, ఇరవై కలిపితే యాభై అని తెలియదా అని లోపల్లోపల బాధపడ్డాను. వయసు మీద పడుతోందేమో, ఒకసారి డాక్టరుకు చూపించాలని కూడా అనుకున్నాను.

అంకుల్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు, ఆ నెమ్మదికే నాకు భయం వేసింది.

"నాకు మీ పొలం అక్కర్లేదండీ. నా బిడ్డ దున్నబోయేది లేదు. కానీ మొన్న మీవాడు మూడు యాభై అన్నాడు, ఇయ్యాల మీరు నాలుగు పది అంటుండారు. మధ్యలో అరవై సెంట్లు యాడ్నించి వచ్చినాయి?"

అమ్మాయికి ఎకరాలూ సెంట్లూ తెలియవు, ఆమెకు తెలిసిన సెంట్లు చిల్లర పైసలే. వంటింటి గుమ్మంలో నిలబడి, "అప్పా, సిక్స్‌టీ సెంట్స్ ఓన్లీ లా, కాఫీ కూడా రాదు, దానికి ఎందుకు ఫైటింగ్?" అంది. అంకుల్ లేచి నిలబడి, సరే, ఆలోచించి చెప్తామన్నాడు. తెలుగునాట పెళ్లి మాటల్లో ఆలోచించి చెప్తామంటే ఆలోచించడం అయిపోయిందని అర్థం. అది ఆమెకు తెలియదు గానీ నా ముఖం చూసి అర్థం చేసుకుంది. బూన్ లే ఫ్లాటు, కునికే రైలు, పప్పు, వీటితోనే మిగతా జీవితమంతా గడిచిపోతుందని, ఆ టిష్యూ ప్యాకెట్ ఎదుటి కుర్చీలో ఇంకెవడో కూర్చుంటాడని ఒక్కసారిగా తోచింది.

మన వాళ్లలో ఒక మర్యాద ఉంది, పోట్లాడి పంపిస్తున్నా సరే వచ్చినవాళ్లను కింద దాకా దిగబెడతారు. అందరం లిఫ్టులో దిగాం. ఆరుగురు పట్టే లిఫ్టులో ఐదుగురం ఒకరి ముఖం ఒకరు చూడకుండా నిలబడ్డాం. ఇక్కడి ఫ్లాట్ల కింద అంతస్తు ఖాళీగా ఉంటుంది, స్తంభాలూ, నాలుగు సిమెంటు బల్లలూ తప్ప ఇంకేమీ ఉండదు. పెళ్లిళ్లూ, చావుల కార్యక్రమాలూ అక్కడే జరుపుకుంటారు. అక్కడికి రాగానే బాపు ఆగిపోయాడు. లిఫ్టులో దిగమింగుకున్నదంతా ఆయనకు అక్కడ అడ్డం పడింది.

"సారూ, నన్ను ఏమన్న అనుండ్రి, దొంగలెక్క చెప్పిన అనకుండ్రి. మా జాగ ఎంతుంటదో ఈడనే కొలిచి చూపిస్త," అని చెప్పులు పక్కన విడిచి, ఒక స్తంభం దగ్గర నిలబడి, పంచె కొంచెం ఎత్తి పట్టుకుని అంగలు వేయడం మొదలుపెట్టాడు. అంగకు గజం, ఆయన కాళ్లకు అలవాటే. ఇటు పదకొండు, అటు పదకొండు. నాలుగో మూల దగ్గర నన్ను నిలబెట్టాడు. మూడు మూలలకు స్తంభాలు దొరికాయి, నాలుగోదానికి నేను పనికొచ్చాను. ఇదీ మా లెక్కల ఒక గుంట, ఇసొంటియే ముప్పై అక్కడ, ఇరవై ఇక్కడ అని చూపించాడు. అంకుల్‌కు కొలత కనిపిస్తే ఆగే ఓపిక లేదు. జేబులోంచి టేపు తీసి బాపు గీసిన హద్దు కొలిచాడు. కొలిచి, మళ్లీ కొలిచి, తల అడ్డంగా ఊపాడు. ఇది సెంటెట్టా అవుద్ది, రెండున్నర సెంట్లుండాది, పదిహేను అంకణాలుండాది, మీ ఊళ్లో కొలతే దొంగదన్నమాట అన్నాడు. ఇప్పుడు అబద్ధాలకోరుతనం మా ఒక్క ఇంటిది కాకుండా ఊరు మొత్తానికి పాకింది. బాపు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. అంకుల్ నేల మీద టేపు పరిచి, అంకణమంటే ఇంత అని ఎనిమిదడుగులూ తొమ్మిదడుగులూ గీస్తున్నాడు, బాపు ఆ గీతల మీదుగా తన అంగలు మళ్లీ వేస్తున్నాడు. ఆంటీ ఒక స్తంభానికి ఆనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

పక్క బల్ల మీద చదరంగం ఆడుతున్న చైనా తాత చాలాసేపు చూసి చూసి, చేతిలో గుర్రాన్ని అలాగే పట్టుకుని అమ్మాయిని అడిగాడు, పందిరికేనా కొలతలు, పెళ్లా, చావా అని. ఇంకా తెలీదు అంకుల్ అని ఆమె ఇంగ్లీషులో జవాబిచ్చింది. అతను అర్థమైనట్టు తల ఊపి ఆటలో పడ్డాడు.

ఆ జవాబు ఇచ్చాక ఆమెకు ఆఫీసు గుర్తొచ్చిందో ఏమో, నా ప్రోగ్రాముల దగ్గర నిలబడినట్టే చేతులు కట్టుకుని నిలబడింది. ఆ నిలబడే తీరు నాకు బాగా తెలుసు, ఎక్కడో తప్పు దొరికిందన్నమాట. ఇద్దరి మధ్యకూ వెళ్లి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"వన్ ఎకర్ కావాలంటే, మీ మీ లెక్కలో ఆ చిన్న ముక్కలు ఎన్ని కావాలి?"

"నలభై," అన్నాడు బాపు.

"వంద," అన్నాడు అంకుల్.

ఇద్దరూ ఒకేసారి అన్నారు. అని, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. టేపు దానంతటదే సర్రున చుట్టుకుపోయింది.

విషయం ఇదీ. మా వైపు ఎకరానికి నలభై గుంటలు, వాళ్ల వైపు ఎకరానికి వంద సెంట్లు. మా వాళ్లు రెండు ముప్పై అంటే రెండెకరాల ముప్పై గుంటలు, గుంటల మాట ఎవరూ విడిగా పలకరు, అందరికీ తెలిసిందే కదా అని వదిలేస్తారు. వాళ్లూ అంతే, సెంట్ల మాట పలకరు. అంకుల్ సెంట్లంటే, ఆంధ్రోళ్లు గుంటను అలా అంటారు కాబోలని బాపు అనుకున్నాడు. బాపు గుంటలంటే, తెలంగాణ వాళ్లు సెంటుకు పెట్టుకున్న పేరేమోనని అంకుల్ అనుకున్నాడు. ముప్పై గుంటలూ ఇరవై గుంటలూ కలిస్తే యాభై, అందులో నలభై ఒక ఎకరంలోకి పోతే పది మిగులుతాయి. నాలుగెకరాల పది గుంటలు. బాపు కూడిక అక్షరాలా సరైనది. ఆమె ఇదంతా వేళ్ల మీద లెక్కపెట్టి, ఇంగ్లీషులో సగం, తెలుగులో సగం చెప్పి, మీరు కరెక్టే అంకుల్ అని బాపుతో అని, తర్వాత నా వైపు తిరిగింది. "సో, ఆ త్రీ ఫిఫ్టీ ఎవరిచ్చారు?"

నలుగురూ నన్ను చూశారు. చదరంగం తాత కూడా చూశాడు. నేనింకా నాలుగో మూలకు స్తంభంలాగే నిలబడి ఉన్నాను. పైన రైలు పోయింది, దాని అద్దాలు తెల్లబడి ఉంటాయి, కనీసం అందులో వాళ్లకైనా నేను కనిపించి ఉండను. కాలిక్యులేటర్ అన్నాను. బాపు నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. ఆ చూపులో నా హాస్టలు చదువంతా ఒకసారి పరీక్షకు వచ్చి తప్పింది.

అంకుల్ టేపును జేబులో పెట్టుకుంటూ అడిగాడు:

"బ్యాంకులో వడ్డీ లెక్కలు రాసేది నువ్వే గదా బాబూ?"

"నేనే అంకుల్."

"ఏ బ్యాంకు అది?"

చెప్పాను. ఆయన తల ఊపాడు (తర్వాతి వారం ఆ బ్యాంకులో తన ఖాతా మూసేశాడని ఆంటీ ఎప్పుడో నోరు జారింది). ముఖం విప్పుకుంటూ, "నేను అబద్ధాలకోరోళ్లనుకున్నా. కాదు, పిల్లోడికి లెక్క రాదంతే. పర్లేదు, మా అమ్మాయి చూసుకుంటాది," అన్నాడు. అవమానమూ ఆనందమూ అంత కచ్చితంగా చెరిసగం కలిసిన క్షణం నా జీవితంలో మళ్లీ రాలేదు. నా పెళ్లి ఖాయమైంది నా తెలివితక్కువతనం రుజువు కావడం వల్లే. బాపు చెప్పులు వేసుకుని, నవ్వి, నడువు బావా పైకి, కాఫీ సల్లారిపోయింది అన్నాడు. అప్పటిదాకా సారూ అన్నవాడు బావా అనేసరికి నేను స్తంభాల మధ్యనుంచి కదిలాను.

పైన భోజనాలు మొదలయ్యాయి. అన్నం దగ్గర ఇద్దరూ పాత మిత్రుల్లా అయిపోయి నా మీద జోకులు వేసుకున్నారు. వీడికి అన్నం కూడా వంద పెట్టాలో నలభై పెట్టాలో అడిగి వడ్డించమన్నాడు అంకుల్. ఆ ఊపులో బాపు, ఏదో మాట కలపడానికి, మరి మీకెంతున్నది బావా అక్కడ అని అడిగాడు. అంకుల్ చేయి పళ్లెంలో ఆగింది. ఆయన నిటారుగా కూర్చున్నాడు. వాళ్ల తాత హయాంలో చానా ఉండేదట, అన్నదమ్ముల వాటాలూ, అప్పులూ, అమ్మకాలూ పోగా ఆయన పేరున మిగిలింది ఊరి చివర ఒక జాగా. ఇన్నేళ్లలో ఎంతమంది అడిగినా అమ్మలేదట. ఊరెళ్లినప్పుడల్లా చుట్టూ తిరిగి, టేపుతో కొలిచి వస్తాడట.

"ముప్పై ఆరు అంకణాలు," అన్నాడు, ఒక్కొక్క మాటా నిదానంగా.

ఆంటీ తన పళ్లెంలోకి చూసుకుంది. నా బుర్ర, అప్పటిదాకా చచ్చినట్టు పడి ఉన్నది, ఒక్కసారి లేచి కూర్చుంది. ముప్పై ఆరు అంకణాలు, అంకణానికి డెబ్బై రెండు అడుగులు, గుంటకు వెయ్యీ ఎనభై తొమ్మిది. కాలిక్యులేటర్ లేకుండా, చెయ్యి కడుక్కోకుండా లెక్క తేలిపోయింది. రెండు గుంటల మీద కాస్త. మా పశువుల కొట్టం జాగా అంతకన్నా పెద్దది. ఈసారి నా లెక్క తప్పు కాదు, ఎటు నుంచి చూసినా తప్పు కాదు. పోయిన పరువు కొంతైనా దక్కించుకుందామని, "అంటే బాపూ, మన లెక్కల..." అని నోరు తెరిచాను. బల్ల కింద బాపు మడమ నా కాలి వేళ్ల మీద పడింది. మామూలుగా పడలేదు, నాగలి పట్టే మనిషి బలమంతా పెట్టి తొక్కాడు. నా నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. బాపు మాత్రం అంకుల్ వైపే చూస్తూ, "ముప్పై ఆరా బావా. మంచిగ కాపాడుకున్నవ్," అన్నాడు. అంకుల్ ముఖం ఎంత వెలిగిందో నేను చూశాను. బాపుకు ఆ లెక్క నాకంటే ముందే తేలిందని, పదిహేను అంకణాలు ఒక గుంటని కింద అంకుల్ నోటే విన్నాడని, నాకు అప్పుడు తట్టింది.

పెళ్లికి ముందు బాపు ఊరంతా చెప్పుకున్నాడు, పిల్ల తండ్రికి నెల్లూరు దిక్కు ముప్పై ఆరు అంకణాలున్నయని. అబ్బో అన్నారు జనం. అంకణమంటే ఎకరమంతుంటదా, ఇంకా ఎక్కువనా అని మా పెదనాన్న అడిగితే, వాళ్ల దిక్కు లెక్క వేరే ఉంటదని చెప్పి మాట మార్చాడు. పెళ్లికొచ్చిన అంకుల్‌కు మా ఊళ్లో జరిగిన మర్యాద చూసి నాకే ఈర్ష్య కలిగింది. ఎక్కడికెళ్లినా కుర్చీ వేశారు, కూర్చున్నచోటికల్లా కొబ్బరి బొండాం వచ్చింది. నేనొకసారి బాపును అడిగాను, ఎందుకు చెప్పనివ్వలేదని. ఆయన పైకి చూసి, మీ మామ అడిగిండా నిన్ను అన్నాడు. అడగలేదన్నాను. మరింక నోరెందుకు తెరుస్తవ్ అన్నాడు. అంతే, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

బాపు పోయి ఐదేళ్లయింది. అంకుల్ ఇప్పుడు నాకు మామ, రిటైరై మా దగ్గరే బుకిట్ పంజాంగ్‌లో ఉంటున్నాడు, టేపు మాత్రం ఇంకా జేబులోనే ఉంది. మొన్న ఒక ఆదివారం లిటిల్ ఇండియాలో సామాన్లు కొనుక్కుని, టీ తాగుతూ కూర్చున్నాం. ఎవరో ఊరాయన ఫోన్ చేసి ఆ జాగా అమ్ముతారా అని అడిగాడు, ఈయన కుదరదని పెట్టేశాడు. టీ చల్లార్చుకుంటూ ఉన్నట్టుండి అన్నాడు, ఇదంతా ఒక ముక్క నేలే గదాని అందరూ ఎగతాళి చేస్తారు, "మీ బాపు ఒక్కడేనబ్బా, ముప్పై ఆరు అంకణాలంటే ఏందో తెలిసిన మనిషి." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆనాటి నేనైతే ఇక్కడ కూడా నోరు తెరిచి ఏదో ఒక గుణకారం చెప్పేవాణ్ణే. ఆ కుర్రాణ్ణి తలుచుకుని నాలో నేనే నవ్వుకున్నాను. బాపు ఎదురుగా లేకపోయినా కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నాను.

"అవును మామా," అన్నాను. "ఆయనకు బాగా తెలుసు."